ఎన్నూరు నీళ్ళు, వాహినీ వెన్నెల

పెళ్ళి వీడియోలు కోసి అతికించడం నా పని. చెన్నై మనలిలో మేడమీద ఒక గది, రెండు మానిటర్లు, కరెంటు పోతే గోలపెట్టే యూపీఎస్. పదహారేళ్ళుగా దండలు మారుతుంటే గులాబీ రేకులు రాలుస్తున్నాను, తాళి కట్టేటప్పుడు గుండె ఆకారంలో తెర తెరుస్తున్నాను. అడిగి మరీ చేయించుకుంటారు.

రాత్రి పనయ్యాక నేను చూసేవి వేరు. యూట్యూబులో ‘మాయాబజార్’ పెట్టి లాహిరి పాట దగ్గర ఆపుతాను. కంప్యూటర్లో వీడియో ఆపి ఫుల్‌స్టాప్ మీట నొక్కితే ఒక్కో ఫ్రేమే ముందుకు జరుగుతుంది, కామా నొక్కితే వెనక్కి. ఒకప్పుడు మూవియోలా అనే ఎడిటింగ్ యంత్రం ముందు కూర్చున్న ఎడిటరుకే దక్కిన భోగం ఇది.

1957 నాటి ఆ సినిమాకు కె.వి.రెడ్డి దర్శకుడు, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రాహకుడు. పాటలో ఆరుబయట తీసిన కాస్త ముక్కా మా పక్కనున్న ఎన్నూరులో తీసిందే. మిగతాదంతా వడపళనిలో, విజయా వాహినీ స్టూడియో లోపల. పాటలోని వెన్నెల బార్ట్లే దీపాలతో పుట్టించింది.

ఈ సంగతి తెలిసిన రోజే బండి తీసుకుని ఎన్నూరు వెళ్ళాను. కొసస్తలై ఏరు సముద్రంలో కలిసే చోటు. చుట్టూ పొగగొట్టాలు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదతో పాటు చమురు తెట్టు కొట్టుకొచ్చి పేరుకుందీ ఈ నీళ్ళ మీదే. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయనకు పాట సంగతి చెబితే, “ఈ నీళ్ళలోనా? వెన్నెలా?” అని నవ్వాడు.

పాటలో పడవ ఒకటే, జంటలు మారతాయి. అభిమన్యుడూ శశిరేఖా, కృష్ణుడూ రుక్మిణీ, బలరాముడూ రేవతీ. ఎక్కడా కుదుపు తెలియదు. ఆ అతుకుల కోసం ఎన్ని రాత్రులు మీటలు అరగదీశానో! చివరికి నాకు తట్టింది ఇదీ: మన కన్ను వెతికేది చంద్రుణ్ణి కాదు, నీటి మీది తళుకుని. ఆ తళుకు కుదిరితే చాలు, ఎన్నూరు నుంచి వడపళని దాకా ఉన్న దూరమంతా ఒక్క కట్‌లో మాయమైపోతుంది.

ఒకసారి నేనూ సాహసించాను. పులికాట్ సరస్సులో మిట్టమధ్యాహ్నం తీసిన పడవ షాటును రాత్రిగా మార్చాలని వెలుతురు తగ్గించి, నీలం పెంచాను. ఎర్ర పట్టుచీర వంకాయ రంగుకు తిరిగింది. పెళ్ళికూతురి తల్లి చూసి, “ఏం నాయనా, పిల్లకి ఒంట్లో బాగాలేనట్టుందే” అంది. సూర్యుడికి ఎదురుగా కెమెరా తిప్పి ఉంటే నీళ్ళు మెరిసేవి, మనుషులు నీడలో ఉండేవారు. అది సరస్సు దగ్గరే ఆలోచించాల్సింది. గదిలో కూర్చుని ఎన్ని మీటలు నొక్కితే ఏం లాభం?

ఇంటర్నెట్‌లో ఇలాంటివి ఇంకా దొరుకుతాయి. కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డు సైటులో నార్మన్ మెక్‌లారెన్ 1968లో తీసిన ‘పా ద దూ’ ఉచితంగా చూడొచ్చు. ఇద్దరు బాలే కళాకారులు, వెనక చీకటి. ఒకే ఫ్రేము మీద పదకొండు సార్ల దాకా ముద్రించడంతో, చెయ్యి కదిలితే దాని జాడలన్నీ విసనకర్రలా విచ్చుకుంటాయి.

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం ‘టాంగో’. పోలండ్‌కు చెందిన జ్బిగ్నియెవ్ రిబ్‌చిన్‌స్కీ 1980లో తీశాడు, 1983లో ఆస్కార్ అందుకున్నాడు. కదలని కెమెరా, ఒకే గది. బంతి కోసం ఓ పిల్లాడు కిటికీ ఎక్కి లోపలికొస్తాడు, తీసుకుని పోతాడు, మళ్ళీ వస్తాడు. ఈలోగా ఇంకొకరు, మరొకరు. అలా 36 మంది, ఎవరి పని వాళ్ళది, ఒక్కరూ ఇంకొకరికి తగలరు. కంప్యూటరు లేదు. ఒక్కొక్కరినీ విడిగా తీసి, ఆకారం బయటిదంతా కప్పేసే ముసుగులు (మాట్‌లు) సుమారు 16,000 చేత్తో తయారుచేసి, ఆప్టికల్ ప్రింటరు మీద కలిపాడు.

మా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు అది చూసి, “అన్నా, అక్షింతలు వేయడానికి స్టేజీ ఎక్కే చుట్టాలందర్నీ ఇలా ఒకేసారి నిలబెట్టొచ్చు గదా!” అన్నాడు. వచ్చే ముహూర్తానికి ట్రైపాడ్ కదపకుండా ఒక కెమెరా పెడదామన్నాను.

గులాబీ రేకులు మాత్రం తప్పనిసరని పెళ్ళివారు ముందే చెప్పేశారు.