నింద మోసిన ఆకు

మనుష్యునికి అపకీర్తి వచ్చినచో నోరు విప్పి తన నిర్దోషిత్వమును చెప్పుకొనగలడు. చెట్టునకు ఆ అవకాశము లేదు. అమెరికా ఆగ్నేయతీరమున పెరుగు యాపాన్ అను పొద చరిత్రయే ఇందుకు నిదర్శనము.

వర్జీనియా తీరము మొదలు ఫ్లోరిడా, టెక్సాసుల వరకు, ఉప్పుగాలికి జంకక, ఏడాది పొడవున పచ్చగా నుండు పొద ఇది. చలికాలమున ఆడచెట్ల కొమ్మల నిండ ఎఱ్ఱని పండ్లు గుత్తులు కట్టును. అవి పక్షులకు ఆహారము. మనుష్యులకు పనికివచ్చునది ఆకు. కాఫీ, తేయాకులలోని కెఫీన్ ఈ ఆకునందును కలదు. ఉత్తర అమెరికాలో సహజముగ పెరుగు మొక్కలలో ఇట్టివి బహు అరుదు.

ఈ గుణమును అచ్చటి ఆదిమజాతులు ఏనాడో గ్రహించిరి. క్రీకు, చెరోకీ, టిముక్వా మొదలగు జాతులవారు ఆకులను మట్టిపాత్రలలో దోరగా వేయించి, నీటిలో నల్లబడువరకు మరిగించి, వేడివేడిగా త్రాగుచుండిరి. సభ తీరినపుడు శంఖపు గిన్నెలో పోసి వరుసగా అందించుకొనెడివారు. అతిథికి ఆ గిన్నె నందించుట స్నేహమునకు గుర్తు. మిసిసిపీ లోయలోని కహోకియా పట్టణపు శిథిలములలో దొరికిన మట్టిపాత్రలందు ఈ కుటుంబపు ఆకుల జాడలు కలవని 2012లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ పాత్రలు క్రీ.శ. 1050 తరువాతివి. పొద పెరుగు తావులు అచ్చటికి వందల కిలోమీటర్ల దూరమున నున్నవి. ఆకు అంత దూరము ప్రయాణము చేసినదన్నమాట!

కొన్ని వ్రతసమయములందు పురుషులు దీనిని విస్తారముగ త్రాగి, దేహశుద్ధికై వమనము చేసికొనెడివారు. యూరపియనుల కన్ను ఆ దృశ్యము మీదనే నిలిచినది. 1789లో క్యూ ఉద్యానాధికారి విలియం ఐటన్ దీనికి ‘ఐలెక్స్ వామిటోరియా’ అని నామకరణము చేసెను. వాంతి కలిగించునదని దాని భావము. నిజమునకు ఆ కషాయము త్రాగినంతమాత్రమున వాంతి కాదు. ఐనను పేరు తగనిదను కారణమున దానిని మార్చుటకు వృక్షశాస్త్ర నియమములు ఒప్పుకొనవు.

పేరు చెడిన చెట్టు కంటె నేల పోయిన మనుష్యుల కథ మరింత దుఃఖకరము. 1830లో వచ్చిన తొలగింపు చట్టము క్రీకులను, చెరోకీలను మిసిసిపీ ఆవలికి తరిమినది. దానిని ఎదిరించిన సెమినోలు వీరుడు ఆసియోలా పేరు లోనే ఈ పానీయము కలదు: నల్లపానీయపు వేళ కేకపెట్టువాడని అర్థము. తెల్లజెండా క్రింద సంప్రతింపులకు వచ్చిన అతనిని 1837లో బంధించిరి. మరుసటి సంవత్సరారంభముననే చెరలో అతడు కన్నుమూసెను.

నేడు యాపాన్ ఆకు తిరిగి అంగళ్ళకెక్కినది. జనులు ఇష్టముగ కాచుకొని త్రాగుచున్నారు. ఎవరికిని వాంతి కాలేదు. పేరు మాత్రము గ్రంథములలో అట్లే యున్నది.