వానకు ముందే ఓడ

తుపాను దివిసీమకే, మెట్టవాళ్లం మనకేమి అనుకుంటాం. నిజమే, 1977 నవంబరు 19 నాటి ఉప్పెన అక్కడ వేలమందిని పొట్టన పెట్టుకుంది. అయితే 2024 సెప్టెంబరు 1, ఆదివారం, వాయుగుండపు వానలకు జగ్గయ్యపేట వీధులు మునిగాయి. నందిగామ దగ్గర ఐతవరం వద్ద మునేరు రహదారి మీదికొచ్చింది. ఆ ఉదయం మందిరం తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతకడానికే మాకు చాలాసేపు పట్టింది.

నోవహు ఓడ కట్టింది వాన మొదలయ్యాక కాదు. దేవుని మాట నమ్మాడు గనుక ముందే కట్టాడు. చేతులు ముడుచుకుని "దేవుడే చూసుకుంటాడు" అనడం విశ్వాసం కాదు.

ప్రియ సంఘమా, ఆధార్ కార్డు, పాసుపుస్తకాలు, మందులు ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోండి. ఒంటరి వృద్ధుల బాధ్యత ఇంటికొకరు తీసుకోండి. మిట్టనున్న మందిరం తాళంచెవి ఇద్దరి దగ్గర ఉంచండి. వచ్చినవారి మతం అడగకుండా తలుపు తీయండి. నీరు తీశాక, ప్రార్థించిన చేతులతోనే పొరుగింటి బురద ఎత్తుదాం.