గొలుసు విడిన ఏనుగులు

వీధిలోకి ఏనుగు వచ్చిందంటే సందడే సందడి. మెడలో గంట గణగణ మోగుతుంది. పిల్లలు పరుగెత్తుకొస్తారు. తల్లులు బిడ్డల్ని చంకనేసుకొని గుమ్మంలోకి వస్తారు. రూపాయి ఇస్తే ఏనుగు తొండం ఎత్తి బిడ్డ తల మీద పెడుతుంది. "దీవించింది" అని తల్లి మురిసిపోతుంది.

మరి ఆ ఏనుగు పొద్దుటి నుంచి ఎంత దూరం నడిచింది? ఏం తిన్నది? రాత్రికి ఎక్కడ పడుకుంటుంది? ఈ సంగతి ఎవరూ అడగరు.

ఏనుగుల కుటుంబం

అడవిలో ఏనుగులు మందగా బతుకుతాయి. మందకు పెద్దదిక్కు ఆడ ఏనుగే. వయసులో పెద్దది ముందు నడుస్తుంది. నీళ్లు ఎక్కడ ఉన్నాయో, మేత ఎక్కడ దొరుకుతుందో దానికి తెలుసు. దాని వెనక చెల్లెళ్లు, కూతుళ్లు, మనవరాళ్లు నడుస్తాయి.

ఏనుగు దాదాపు 22 నెలలు కడుపు మోస్తుంది. పుట్టిన గున్నను తల్లి ఒక్కతే పెంచదు. పిన్నమ్మలు, అమ్మమ్మలు కూడా కాచుకుంటారు.

పెద్ద ఏనుగు రోజుకు 150 కిలోల దాకా మేత తింటుంది. 100 లీటర్లకు పైగా నీళ్లు తాగుతుంది. అంత మేత కోసం చాలా దూరం తిరుగుతుంది. అలా తిరిగే జంతువును ఒక్కచోట కట్టేస్తే ఎలా ఉంటుంది?

మాట ఎందుకు వింటుంది?

ఇంత పెద్ద జంతువు ఒక్క మనిషికి ఎలా లొంగుతుంది? ప్రేమతో అనుకుంటాం. చాలా చోట్ల జరిగేది వేరు. గున్నను తల్లి నుంచి విడదీస్తారు. కాళ్లు కట్టేస్తారు. ఆకలితో ఉంచుతారు. కొడతారు. అంకుశంతో పొడుస్తారు. ఆ నొప్పి దానికి జన్మంతా గుర్తుంటుంది. పెద్దయ్యాక కర్ర చూస్తేనే బెదురుతుంది. మాట వినేది ఆ భయంతోనే.

ఏనుగు పాదం మెత్తన. అది మట్టి మీద నడవడానికి పుట్టింది. ఎండలో తారు రోడ్డు మీద నడిస్తే పాదం కాలుతుంది, పగులుతుంది. గోళ్లు చీలిపోతాయి. గొలుసు ఒరుసుకొని కాళ్లకు పుండ్లు పడతాయి. కొన్నాళ్లకు కీళ్లు అరిగిపోతాయి.

మథుర దగ్గర ఒక ఆశ్రయం

ఇలాంటి ఏనుగులను కాపాడే చోట్లు మన దేశంలో ఉన్నాయి. వాటిలో ఒకటి ఉత్తరప్రదేశ్‌లో, మథురకు ఆగ్రాకు మధ్య ఉంది. మథుర, బృందావనం యాత్రకు మనవాళ్లు ఎందరో వెళతారు. ఆ దారిలోనే ఈ ఆశ్రయం.

దీన్ని నడిపేది వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ అనే సంస్థ. గీతా శేషమణి, కార్తీక్ సత్యనారాయణ్ కలిసి 1995లో ఆ సంస్థను పెట్టారు. 2010లో ఈ ఆశ్రయం మొదలైంది. 2018లో దాని పక్కనే ఏనుగులకు ఆసుపత్రి కట్టారు. ఏనుగుకు ఎక్స్‌రే తీసే ఏర్పాటు కూడా అక్కడ ఉంది.

రాజు అనే ఏనుగు దాదాపు 50 ఏళ్లు గొలుసుల్లో బతికింది. ఆ గొలుసులకు ముళ్లు ఉండేవి. దాన్ని తిప్పి అడుక్కునేవారు. 2014 జూలైలో దాన్ని విడిపించి ఇక్కడికి తెచ్చారు.

సూజీ అనే ఏనుగు కథ మన వైపుదే. అది ఆంధ్రప్రదేశ్‌లో ఒక సర్కస్‌లో ఉండేది. దానికి రెండు కళ్లూ కనిపించేవి కావు. వయసు 60 దాటింది. 2015లో దాన్ని మథుర తీసుకెళ్లారు. ఏనుగుకు దవడ పళ్లు జన్మలో ఆరుసార్లు వస్తాయి. ఆరో వరస అరిగితే ఇక నమలలేదు. సూజీకి పళ్లు పోయాయి. అందుకని కాపరులు మేతను మెత్తగా చేసి పెట్టేవారు. ముసలి అత్తకు జావ కాచి ఇచ్చినట్టే కదా!

ఇలాంటి ఏనుగులను అడవిలోనే వదలొచ్చు కదా అని కొందరు అడుగుతారు. గుడ్డిది, కుంటిది, ముసలిది అడవిలో ఎలా బతుకుతుంది? చిన్నప్పుడే మంద నుంచి విడిపోయింది. మేత వెతకడం నేర్పేవారు లేరు. అందుకే వాటికి ఆశ్రయం కావాలి.

చూడబోతే ఏం కనిపిస్తుంది?

ముందుగా కబురు చేసి, సమయం తీసుకొని వెళ్లాలి. అక్కడ ఏనుగు ఎక్కడం ఉండదు. ఆటలు ఆడించడం ఉండదు. కాస్త దూరంగా నిలబడి చూడాలి. ఏనుగు మట్టి చల్లుకుంటుంది. చెరకు గడ విరిచి తింటుంది. నేస్తం పక్కన నిలబడి తొండంతో తడుముతుంది.

కీళ్ల నొప్పులున్న ఏనుగులు కొలనులోకి దిగుతాయి. బావిలో బిందె నీళ్లలో ఉన్నంతసేపు తేలిక. పైకి రాగానే బరువు. ఏనుగూ అంతే. నీళ్లు దాని బరువు మోస్తాయి. కాళ్లకు సుఖంగా ఉంటుంది.

పాదానికి మందు రాయాలంటే ఏనుగు కాలు ఎత్తాలి. అందుకు కొట్టరు. కాలు ఎత్తిన ప్రతిసారీ పండు ఇస్తారు. నాలుగు రోజుల్లో అదే అలవాటవుతుంది.

2017 జనవరిలో అక్కడ చలి బాగా ముదిరింది. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు ఉన్నితో పెద్ద పెద్ద స్వెట్టర్లు అల్లారు. రంగురంగుల స్వెట్టర్లు ఏనుగులకు కట్టారు. ఆ బొమ్మలు దేశదేశాల పత్రికల్లో వచ్చాయి.

మంచి చోటును గుర్తించేదెలా?

"ఏనుగుల ఆశ్రమం" అని బోర్డు పెట్టిన ప్రతి చోటూ మంచిది కాదు. వెళ్లేముందు ఇవి అడగాలి.

ఏనుగు మీద ఎక్కిస్తారా? బొమ్మలు వేయించడం, బంతి ఆడించడం ఉందా? కాపరి చేతిలో అంకుశం ఉందా? ఏనుగుకు ఇష్టం లేకపోతే మనుషుల్ని వదిలి పక్కకు పోనిస్తారా?

ఎక్కిస్తాం, ఆడిస్తాం అంటే అది వ్యాపారం. ఏనుగును దాని మానాన వదిలితే అదే ఆశ్రయం.

మనం ఏం చెయ్యగలం?

"ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే" అంటారు. ఆ వెయ్యి మనిషికే గాని, ఏనుగుకు కాదు. వీధిలో మనం ఇచ్చే రూపాయి ఏనుగు కడుపు నింపదు. రూపాయిలు రాలినంత కాలం దాన్ని రోడ్డు మీద తిప్పుతూనే ఉంటారు.

మావటిని తిట్టినందువల్ల లాభం లేదు. అతనూ పొట్ట కోసమే తిరుగుతున్నాడు. అతనికి వేరే పని దొరికితే ఇద్దరి బతుకూ బాగుపడుతుంది.

1972లో వన్యప్రాణుల రక్షణ చట్టం వచ్చింది. అనుమతి కాగితం లేకుండా ఎవరూ ఏనుగును ఉంచుకోకూడదు. 2010లో ప్రభుత్వం ఏనుగును జాతీయ వారసత్వ జంతువుగా ప్రకటించింది. కుంటుతున్న ఏనుగు, పుండ్లున్న ఏనుగు కనిపిస్తే అటవీ శాఖ వారికి చెప్పాలి. చెప్పేందుకు చదువు అడ్డు కాదు. ఇప్పుడు చదువు వచ్చింది గనుక నాలుగు ముక్కలు రాసి కూడా ఇవ్వొచ్చు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. ఏనుగుల మందను ఎవరు నడిపిస్తారు?
2. వీధిలో తిరిగే ఏనుగు పాదాలు ఎందుకు పగులుతాయి?
3. ఈసారి మీ వీధిలోకి ఏనుగు వస్తే మీ పిల్లలకు ఏం చెబుతారు?