లెక్కల పుస్తకం ఎవరింట్లో ఉంది?

2020 ఏప్రిల్ నెల గుర్తుందా? బయటికి వెళ్తే పోలీసులు, ఇంట్లో ఉంటే మూడు పూటలా అందరికీ వండి వార్చడం. పాలప్యాకెట్టు కూడా సబ్బునీళ్ళతో కడిగి లోపలికి తెచ్చుకున్న రోజులవి. ఆ హడావుడిలోనే మన ఫోన్లలోకి ఒక యాప్ వచ్చి కూర్చుంది. పేరు ఆరోగ్యసేతు. ఏప్రిల్ 2న విడుదలైతే 13 రోజుల్లో 5 కోట్ల మంది దించుకున్నారు. మనలో చాలామందికి పిల్లలో, ఆయనో ఎక్కించి పెట్టి, ఆకుపచ్చ రంగు కనిపిస్తే ఫర్వాలేదని చెప్పి వెళ్ళిపోయారు. లోపల అది ఏం రాసుకుంటోందో విడమరిచి చెప్పినవాళ్ళు తక్కువ.

అయిపోయిన పెళ్ళికి బాజాలెందుకు అంటారా? రేపు ఇంకో జబ్బు వస్తే ఇంకో యాప్ వస్తుంది. అప్పుడు కూర్చుని తెలుసుకునే తీరిక ఉండదు. అందుకే ఇప్పుడు.

అసలు సంగతి చిన్నదే. ఒకరికి కరోనా తేలితే, గడచిన రెండు వారాల్లో ఎవరెవరిని కలిశారని ఆరోగ్య సిబ్బంది అడిగేవారు. పక్కింటి పిన్నిగారు గుర్తుంటుంది. బస్సులో పక్కన కూర్చున్నావిడ పేరు మనకేం తెలుసు? ఆ పని ఫోనుకి అప్పగించారు. పాటలు వినడానికి చెవిలో పెట్టుకునే తీగలేని ఇయర్‌ఫోన్లు ఉన్నాయే, వాటిని ఫోనుతో కలిపే బ్లూటూత్‌తోనే ఈ పని జరిగింది. నా ఫోను ఒక గుర్తు సంఖ్యను చుట్టూ చాటుతుంది, దగ్గర్లో ఉన్న మీ ఫోను దాన్ని రాసుకుంటుంది. మీది నాది రాసుకున్నట్టే నాది మీది రాసుకుంటుంది.

ఇక్కడే మొదటి చిక్కు వచ్చింది. ఒక కంపెనీ కుక్కరు గాస్కెట్ ఇంకో కంపెనీ కుక్కరుకి పట్టదని మనకి తెలుసు కదా. ఫోన్లూ అంతే. ఆపిల్ ఫోను, ఆండ్రాయిడ్ ఫోను ఒకరి మాట ఒకరు వినాలంటే ఇద్దరికీ ఒకే పద్ధతి ఉండాలి. ఇంగ్లండు వాళ్ళు మొదట సొంతంగా ఒక యాప్ తయారు చేసుకుని 2020 మేలో వైట్ అనే చిన్న దీవిలో పరీక్షించారు. దగ్గర్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లను నూటికి 75 దాకా పసిగట్టిందట, ఆపిల్ ఫోన్లను మాత్రం నూటికి నాలుగే. ఆపిల్ ఫోనులో మనం వాడకుండా పక్కన పెట్టిన యాప్‌ని బ్లూటూత్ ఇష్టమొచ్చినట్టు వాడుకోనివ్వరు. జూన్ 18న ఆ యాప్‌ని పక్కన పడేసి, ఆపిల్, గూగుల్ కలిసి తయారు చేసిన పద్ధతికి మారారు. ఏప్రిల్ 10నే ఆ రెండు కంపెనీలు చేతులు కలిపామని ప్రకటించాయి, మే 20 నాటికి అందరికీ ఇచ్చాయి. వాళ్ళ షరతు ఒకటుంది: తమ పద్ధతి వాడుకునే యాప్ మనిషి ఎక్కడున్నాడో అడగకూడదు. షరతు మంచిదే. కానీ రెండు కంపెనీలు ప్రభుత్వాలకు షరతులు పెట్టడం నాకైతే అంత రుచించలేదు. ఈసారి మంచి షరతు పెట్టారు, వచ్చేసారీ మంచిదే పెడతారని హామీ ఏదీ?

ఇక రెండో చిక్కు, నా దృష్టిలో అసలైన చిక్కు. రాసుకున్న పుస్తకం ఎవరి దగ్గరుండాలి?

చాలాచోట్ల మొదట్లో పుస్తకం మీ ఫోన్లోనే ఉండేది. తేడా అంతా జబ్బు తేలాక వస్తుంది. ఒక పద్ధతిలో, జబ్బుపడ్డ మనిషి ఫోన్లోని పుస్తకం మొత్తం ప్రభుత్వ కంప్యూటరుకి వెళ్తుంది. అంటే ఆవిడ ఎవరెవరిని కలిసిందో వాళ్ళకి తెలుస్తుంది. రెండో పద్ధతిలో ఆవిడ కలిసినవాళ్ళ జాబితా ఎక్కడికీ పోదు. ఆ ఫోను రోజంతా మారుపేర్లతో తిరుగుతుంది, ఇంచుమించు 15 నిమిషాలకొక పేరు. జబ్బు తేలితే, ఆవిడ సరేనంటేనే ఆ మారుపేర్లను గుర్తుపట్టే తాళంచెవులు మాత్రం పైకి వెళ్తాయి. ఊళ్ళో ఉన్న ఫోన్లన్నీ వాటిని తెచ్చుకుని, తమ పుస్తకంలో ఆ పేర్లున్నాయేమోనని ఇంట్లోనే వెతుక్కుంటాయి. ఉంటే మీకు కబురు. ఎవరి వల్లో మీకూ తెలియదు, ప్రభుత్వానికీ తెలియదు. ఇలాంటి పద్ధతిని ఐరోపాలో రూపొందించిన బృందాన్ని నడిపింది ఒక ఆడమనిషి, కార్మెలా ట్రోంకోసో అనే స్పెయిన్ దేశపు ఇంజనీరు. అప్పుడు స్విట్జర్లాండులోని లొసాన్‌లో పనిచేసేవారు. జర్మనీ ఈ దారే పట్టింది.

మన ఆరోగ్యసేతు మొదటి రకం. చేరేటప్పుడే పేరు, ఫోను నంబరు, వయసు, ఆడా మగా, చేసే పని అడిగింది. బ్లూటూత్‌తో ఊరుకోక, ఎక్కడున్నామో కూడా రాసుకుంది. ఫోన్లో రాసినది 30 రోజులకు, పైకి వెళ్ళినది 45 రోజులకు, జబ్బుపడ్డవాళ్ళది నయమయ్యాక 60 రోజులకు చెరిపేస్తామన్నారు.

ఎవరి పుస్తకం ఎక్కడుంటే ఏమిటి, మనమేం దొంగలమా అనేవాళ్ళుంటారు. సింగపూరు సంగతి చెప్తా వినండి. అక్కడ 2020 మార్చిలోనే ట్రేస్‌టుగెదర్ అని యాప్ పెట్టారు. ఫోను లేని వాళ్ళకి, ముఖ్యంగా పెద్దవాళ్ళకి, చేతిలో పట్టే చిన్న బిళ్ళలు ఇచ్చారు. ఆ ఆలోచన మాత్రం మెచ్చుకోవాలి. జబ్బు జాడ తీయడానికి తప్ప దేనికీ వాడమని మంత్రిగారు మాట కూడా ఇచ్చారు. 2021 జనవరిలో పార్లమెంటులో బయటపడింది, పోలీసులు అడిగితే ఆ వివరాలు తీసుకోవచ్చట. ఒక హత్య కేసులో తీసుకున్నారు కూడా. జనం గొడవ చేస్తే ఫిబ్రవరిలో చట్టం తెచ్చి, ఏడు రకాల ఘోర నేరాలకే వాడతామన్నారు. హంతకుడు దొరకడం మంచిదే, కాదనను. కానీ ఒక పనికని అడిగి పుచ్చుకున్నది ఇంకో పనికి వాడారు. చీటీపాటకని తీసుకున్న డబ్బుతో వడ్డీవ్యాపారం చేస్తే ఊరుకుంటామా?

పోలీసులే అక్కర్లేదు, చుట్టుపక్కలవాళ్ళు చాలు. దక్షిణ కొరియాలో రోగి పేరు చెప్పకుండా వయసు, ఆడా మగా, వెళ్ళిన చోట్లు ప్రకటించేవారు. ఆ వేళకి ఆవిడ అక్కడికెందుకు వెళ్ళింది, ఎవరితో వెళ్ళింది అని జనం కథలల్లారు. మన పక్కన కర్ణాటకలో 2020 మార్చిలో క్వారంటైన్‌లో ఉన్నవాళ్ళ చిరునామాలే బయటపెట్టారు. తలుపులకి కాగితాలు అంటించిన ఇళ్ళు మీరూ చూసే ఉంటారు. అలా అంటించనక్కర్లేదని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

బలవంతం సంగతి ఇంకోటి. 2020 మే 1న కేంద్ర హోంశాఖ ఉద్యోగులందరికీ ఆరోగ్యసేతు తప్పనిసరి అంది, 17వ తేదీకి కాస్త మెత్తబడింది. అపార్టుమెంట్లు మాత్రం మెత్తబడలేదు. గేటు దగ్గర ఆకుపచ్చ గుర్తు చూపిస్తేనే పనిమనిషిని లోపలికి పంపుతామన్న అసోసియేషన్లున్నాయి. ఆమె దగ్గరున్నది బటన్ల ఫోను! అలాంటి ఫోన్లకి 1921 నంబరు పెట్టారు, మిస్డ్‌కాల్ ఇస్తే వాళ్ళే తిరిగి చేసి ఆరోగ్యం అడిగేవారు. అది గేటు దగ్గర చూపించేది కాదుగా. నెల జీతం పోయింది ఆవిడకి, జబ్బు వల్ల కాదు.

పోనీ ఈ బ్లూటూత్ లెక్క కచ్చితమైనదా అంటే, దూరాన్ని అది అంచనా మాత్రమే వేస్తుంది. మైక్రోవేవ్ ఓవెనూ బ్లూటూతూ ఇంచుమించు ఒకే రకం తరంగాలతో పనిచేస్తాయి. నీళ్ళున్నది ఏదైనా వాటిని పీల్చుకుంటుంది, మన ఒంట్లో నీళ్ళే ఎక్కువ. అందుకని మధ్యలో మనిషి అడ్డొస్తే దగ్గరున్నవాళ్ళు దూరంగా కనిపిస్తారు, పల్చని గోడ అవతలి పక్కింటావిడ మనింట్లో ఉన్నట్టే లెక్క పడుతుంది. అలాగని పనికిరానిదని కొట్టిపారేయను. ఇంగ్లండు యాప్ కొన్ని లక్షల కేసులు ఆపి ఉంటుందని తర్వాత శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. పుస్తకం ఇంట్లోనే ఉంచుకున్నా పని జరిగిందన్నమాట.

ఆరోగ్యసేతులో జాడ తీసే భాగాన్ని ఆపేశామని, ఆ వివరాలు తుడిచేశామని 2023లో మన పార్లమెంటుకి చెప్పారు. యాప్ మాత్రం ఆరోగ్య రికార్డుల పనికి మిగిలింది. మీ ఫోన్లో ఇంకా ఉందేమో చూడండి. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి యాప్స్ నొక్కితే పేర్లన్నీ వరసగా వస్తాయి. ఒక్కోదాని మీద నొక్కితే పర్మిషన్స్ అని ఉంటుంది, ఎవరెవరికి లొకేషన్ ఇచ్చారో అందులో కనిపిస్తుంది. అక్కర్లేనివి అక్కడే ఆపేయొచ్చు. ఆరోగ్యసేతు ఒక్కటే కాదు, కిరాణా సామాను తెచ్చే యాప్, ముగ్గుల యాప్, పిల్లల ఆటల యాప్ కూడా చూడండి. ముగ్గు వేయడానికి మీరెక్కడున్నారో దానికెందుకు?