చెడ్డవార్త తెచ్చిన సిబ్బందికి మంచిమాట

మైదాన ప్రాంతములలో 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము, 5,000 జనాభాకు ఒక ఉపకేంద్రము, సుమారు 1,000 మందికి ఒక ఆశా కార్యకర్త ఉండవలెనని మన దేశమున నియమము కలదు. కొండలలోను, గిరిజన ప్రాంతములలోను ఆరోగ్య కేంద్రమునకు 20,000 జనాభాయే పరిమితి. ఈ సిబ్బందికంతకు పెద్ద వైద్యాధికారి. కళాశాలలో అతనికి రోగనిదానము నేర్పిరి. పదిమందిని కూడగట్టుకొని పని నడపుట మాత్రము ఉద్యోగములో చేరిన పిదపనే తెలిసికొనవలసి యుండును. పల్లెలోని తల్లికి, బిడ్డకు అందెడి సేవ ఈ రెండవ విద్యపై ఎంతయో ఆధారపడి యున్నది.

పల్స్ పోలియో కార్యక్రమము 1995లో ఆరంభమైనది. ఇల్లిల్లు తిరుగు బృందములు, అయిదేండ్ల లోపు పిల్లలందరికి చుక్కలు అందిన ఇంటి గోడమీద సుద్దతో ‘పి’ అను ఆంగ్లాక్షరమును వ్రాయుచుండిరి. బిడ్డ ఊరిలో లేకున్నను, తలుపునకు తాళమున్నను, పెద్దలు వలదన్నను ‘ఎక్స్’ అని వ్రాసి, ఆ ఇంటికి మరల పోవుచుండిరి. ఇట్టి పనిలో పర్యవేక్షకుని మాట ఎంత దూరము పోవునో చూడుడు. సాయంకాలపు సమావేశములో ‘ఎక్స్’ గుర్తులు ఎక్కువగా చూపిన ఆమెను అందరి యెదుట గద్దించినచో, మరునాడు ఆమె తిరిగిన వీధిలో అన్నియు ‘పి’లే కానవచ్చును. కాగితము ముచ్చటగా నుండును. చుక్కలు పడని బిడ్డ మాత్రము ఇంటిలోనే యుండును. అట్లుగాక, “ఈ పదునొకండు ఇండ్లు మీరు చూపిరి గనుకనే రేపు పోగలుగుచున్నాము. వలదన్న ఆ రెండిండ్లకు నేనును వచ్చెదను, అమ్మా” అని పలికినచో ఆమెకు నిజము చెప్పుట అలవాటగును. మన దేశమున సహజ వైరసు వలన కలిగిన చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాలులో బయటపడినది. దానికి వెనుక నిజము వ్రాసిన సుద్దముక్కలు ఎన్నియో కలవు.

మశూచి నిర్మూలనలోను ఇట్లే జరిగెను. తొలి సంవత్సరములలో, కేసులు పెరిగినచో పైవారి ఆగ్రహమునకు గురికావలసి వచ్చునను భయమున, పెక్కుచోట్ల రోగులు లెక్కకు రాకుండ పోయిరి. వేసిన టీకాల సంఖ్య మాత్రము ఘనముగా కనబడుచుండెను! 1973 చివరి నెలలలో ఇంటింటి అన్వేషణ మొదలిడగానే బీహారు, ఉత్తర ప్రదేశములలో అంతకుముందు తెలిసిన దానికంటె ఎన్నో రెట్లు కేసులు బయటపడెను. ఆ సంఖ్యను చూచి నాయకులు సిబ్బందిపై విరుచుకొని పడియుండవచ్చును. అట్లు చేయలేదు. కేసును కనుగొనుట పనితనముగా ఎంచబడెను. వార్త తెచ్చినవారికి నగదు బహుమానము ప్రకటింపబడెను. 1975 మే నెలతో దేశమున మశూచి ఆగెను. 1977 ఏప్రిలులో నిర్మూలన ధ్రువపడెను.

మెప్పు అనగా “బాగున్నది, కానిండు” అని తల యూపుట కాదు. ఏ పని, ఎప్పుడు, ఎవరికి మేలు చేసినదో అందులో ఉండవలెను. హెపటైటిస్-బి వంటి టీకాలను 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ చల్లదనములో ఉంచవలెను. గడ్డకట్టినచో అవి చెడిపోవును. పెట్టెలోని సీసాలు గడ్డకట్టినవని గ్రహించి, వాటిని వాడక, ఆ సంగతిని తానే వచ్చి చెప్పిన నర్సమ్మ ఒక విధముగా నష్టపు వార్తనే తెచ్చినది. ఆమెను ముందుగా మెచ్చి, తరువాత మంచుపలకలను ఏ విధముగా అమర్చిరో విచారించుట తెలివైన పద్ధతి. శాలువాలు, జ్ఞాపికలు వలదని కాదు. ఏటేట ఆ నలుగురికే కప్పు శాలువా తక్కినవారి ఉత్సాహమును చల్లార్చును.

అయితే పొగడ్త జీతమునకు బదులు కాజాలదు. అమెరికా దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ సుమారు 200 మంది ఇంజనీర్లను, గణకులను ప్రశ్నించి 1959లో తన నిర్ణయమును వెలువరించెను: గుర్తింపు, సాఫల్యము పనిలో తృప్తి కలిగించును, జీతము, వసతులు, పర్యవేక్షణ సరిగా లేనిచో అసంతృప్తి పుట్టును. ఒకదానితో రెండవదానిని పూడ్చుటకు వీలులేదు. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి మన దేశపు ఆశా కార్యకర్తలను పురస్కారముతో గౌరవించెను. వారి సంఖ్య 10 లక్షలకు మించినది. వారి రాబడిలో చాలవరకు చేసిన పనులనుబట్టి వచ్చు పారితోషికమే. ఆ బిల్లు అధికారి బల్లమీద నెల దినములు పడియున్నచో ఏ పురస్కారము ఆమె ఇంటి పొయ్యి వెలిగించును? సంతకము వేళకు చేయుట, ఉపకేంద్రమున మరుగుదొడ్డికి తలుపు, గడియ ఉన్నవో లేవో చూచుట, సెలవు దినమున నివేదికలకై ఫోను చేయకుండుట కూడ నాయకత్వములోనివే.

ప్రజలును ఊరకుండ నక్కరలేదు. ప్రసవ సమయమున రాత్రివేళ తోడువచ్చిన ఆశా కార్యకర్త పేరును వైద్యాధికారికి తెలుపుటకు రెండు నిమిషములు చాలును. ఫిర్యాదులు తమంతట తామే పైకి పోవును. మంచిమాటను ఎవరైన మోసికొని పోవలెను.

నెలసరి సమావేశమున “ఎంత శాతము?” అను ప్రశ్న ఎట్లును వచ్చును. దానికి ముందు “ఎవరికి అందలేదు? మీకు అడ్డువచ్చినదేమి?” అని అడిగి, వచ్చిన జవాబును పుస్తకములో వ్రాసికొని, తరువాతి నెల దానితోనే సమావేశమును ఆరంభించు వైద్యాధికారులు కలరు. అట్టిచోట సిబ్బంది తప్పిపోయిన బిడ్డల పేర్లను అడుగక ముందే తెచ్చి యిచ్చుచుందురు.