మీకు తెలుసా? కడుపు కోయకుండానే ముద్ద దిగే దారి!

నోట్లో పెట్టుకున్న ముద్ద కడుపులోకి చేరేది సుమారు 25 సెంటీమీటర్ల అన్నవాహిక గుండా. దాని అడుగున ఉండే కండర కవాటం మింగినప్పుడు వదులవ్వాలి. అలా వదులవ్వకుండా బిగుసుకుపోయే జబ్బే అకలేసియా. ఇందులో అన్నమే కాదు, మంచినీళ్లూ గొంతు దిగకుండా మొరాయిస్తాయి.

• ఇది అరుదైన జబ్బు. ఏటా లక్ష మందిలో సుమారు ఒకరికి కొత్తగా బయటపడుతుంది.

• బేరియం తాగించి ఎక్స్‌రే తీస్తే అన్నవాహిక చివర పక్షి ముక్కులా సన్నగా కనిపిస్తుంది.

• 1674లో ఇంగ్లండ్ వైద్యుడు థామస్ విల్లిస్ తిమింగలం ఎముకకు స్పాంజి కట్టి, దాంతో తిండిని కిందికి నెట్టించాడు!

• 1913లో జర్మనీ సర్జన్ ఎర్న్‌స్ట్ హెల్లర్ ఆపరేషన్ చేసి ఆ కవాట కండరాన్ని కోశారు. ఇప్పుడు ఆ ఆపరేషన్‌ను లాప్రోస్కోపీతో చేస్తున్నారు.

• 2008లో జపాన్ వైద్యుడు హరుహిరో ఇనౌవే ‘పోయెమ్’ విధానాన్ని రోగులపై మొదలుపెట్టారు. మత్తిచ్చి, నోటి గుండా ఎండోస్కోపు పంపి, అన్నవాహిక లోపలి పొర కింద సొరంగం చేస్తారు. బిగుసుకున్న కండరాన్ని కోసి, లోపలి గాటును క్లిప్పులతో మూసేస్తారు. ఒంటిపై ఒక్క గాటూ ఉండదు.

• హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు వందలాది మందికి ఈ చికిత్స చేసి, ఫలితాలను ప్రచురించారు.

• చికిత్స తర్వాత కొందరిలో ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. దానికి మందులు వాడాల్సి రావచ్చు.

మింగడం కష్టమవుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ‘గ్యాస్’ అని సరిపెట్టుకోకండి. క్యాన్సర్‌లోనూ ఇవే లక్షణాలు ఉండొచ్చు కాబట్టి వెంటనే గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవండి.