వంకలు పెట్టే తాతగారికి దసరా గంప



దసరా దగ్గర పడుతోందంటే ఇంట్లో అందరి లెక్కలూ తేలిపోతాయి. పిల్లలకు గౌన్లు, లాగులు, ఆడబిడ్డకు చీర, వారికి ఒక చొక్కా గుడ్డ. ఎంతకూ తెగని లెక్క ఒక్కటే ఉంటుంది. తాతగారికి ఏం పెట్టాలి? ఏం తెచ్చినా వంక పెట్టే పెద్దాయన మీ ఇంట్లోనూ ఉంటే, ఈ నాలుగు మాటలు మీకు పనికి రావచ్చు.

మా మామగారు పెద్దపల్లి పక్క పల్లెలో నలభై ఏళ్ళకు పైగా ఎవుసం చేసిన మనిషి. అత్తమ్మ పోయాక, కాళ్ళు సహకరించక, టౌనులో మా దగ్గరికి వచ్చారు. ఒక ఏడు మంచి శాలువ కొన్నాం. "సన్మానం జేస్తున్రా నాకు?" అని పెట్టెలో పడేశారు. మరుసటి ఏడు చేతికర్ర, మోకాళ్ళ నూనె, స్వెట్టరు కలిపి మెరుపు కాగితం చుట్టిన బుట్ట తెప్పించాం. ఫోనులో నొక్కితే ఇంటికే వస్తున్నాయి కదా అలాంటివి! ఆయన ఒక్కొక్కటే బయటికి తీసి చూసి, "గియ్యన్నీ ముసలోనికి గావాలె. నాకెందుకు బిడ్డా?" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. అన్ని పైసలు పోసి తెస్తే ఇదా మాట? కానీ రాత్రి గిన్నెలు కడుక్కుంటూ ఆలోచిస్తే ఆయన అన్నదాంట్లో తప్పేముందనిపించింది. ఆ బుట్టలో ఉన్న ప్రతి వస్తువూ ఆయనకు ఇక చేతకానిదేదో గుర్తు చేసేదే. ఆయనకు చేతనైనది ఒక్కటీ లేదు.

అప్పటినుంచి ఆయన వంకలు ఎక్కడెక్కడ పెడతారో గమనించడం మొదలుపెట్టాను. కూరగాయల బండి వస్తే "బీరకాయ ముదిరింది" అంటారు. టీవీలో పొలం చూపిస్తే "దుక్కి లోతు లేదు" అంటారు. నేను కుండీలో పెట్టిన తులసికి కూడా "నీళ్ళు ఎక్కువైనయి" అన్నారు. ఆ తులసి నిజంగానే కుళ్ళింది! మనం చాదస్తం అనుకున్నది ఆయన విద్య. అది చూపించడానికి చోటు లేక మన బట్టలమీదా, వంటలమీదా పడుతోంది. అందుకని ఆయన తీరిగ్గా వంకలు పెట్టుకోవడానికి వీలైన కానుకే ఇద్దామనుకున్నాను. గంప మొత్తానికి ఒకే ఊసు, ఎవుసం.

ముందు గంప సంగతి. మేదరివాళ్ళు అల్లిన వెదురు గంప తీసుకోండి. లోపల చెయ్యి తిప్పి చూడండి, పేళ్ళు గుచ్చుకోకూడదు. మోదుగాకులు పరిచి బరువైనవి అడుగున పెట్టండి. అన్నీ కలిపి మూడు కిలోలు దాటకుండా చూడండి. తనకు వచ్చిన కానుక తానే ఎత్తుకోలేకపోతే పెద్దవాళ్ళకు చిన్నతనంగా ఉంటుంది. అంటుకునే టేపులు, బిగుసుకుపోయే రిబ్బన్లు వద్దు. చేనేత తువ్వాల కప్పి, కొస లాగితే వచ్చే ముడి వేస్తే చాలు. ఆ తువ్వాల కూడా కానుకలో భాగమే.

అడుగున చిన్న గొంగడి పెట్టాను. కురుమలు మన దక్కనీ నల్ల గొర్రెల ఉన్నితో నేసేది. నూలుకు చింతగింజల గంజి పట్టిస్తారు కనుక కొత్తలో బిరుసుగా ఉంటుంది, వాడుతుంటే మెత్తబడుతుంది. అసలుదో కాదో తెలుసుకోవాలంటే ఒక పోగు లాగి అంటించి చూడండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అవుతుంది. నైలాను వంటిదైతే కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. వేడినీళ్ళలో మాత్రం ఉతకకండి, ఉన్ని కుంచించుకుపోతుంది. మడతల్లో ఎండిన వేపాకు వేసి దాచుకోవాలి.

దానిమీద విత్తనాలు, పాదు తవ్వుకునే చేతిపార ఒకటి. దసరా అంటే యాసంగి మొదలయ్యే రోజులు, ఆకుకూరలకు అనువైన కాలం. మెంతులు, ధనియాలు మన పోపుల డబ్బాలోవే పనికి వస్తాయి. పాలకూర విత్తనం అంగట్లో తెచ్చాను. పాత ధోవతి గుడ్డ చింపి మూడు మూటలు కట్టి, వాటిమీద పెద్ద అక్షరాలతో పేర్లు రాయించాను. మెంతులు నాలుగైదు రోజుల్లో మొలుస్తాయి, నెల తిరక్కుండా కూరకు వస్తాయి. ధనియాలకు పదిరోజులైనా ఓపిక పట్టాలి. తోట లేదని దిగులు పడకండి. జానెడు లోతున్న తొట్టి, అడుగున చిల్లి, పొద్దున పూట నాలుగు గంటల ఎండ ఉంటే చాలు.

తినేవాటి దగ్గర మనం తొందరపడతాం. సకినాలు పెడదామని చెయ్యి లాగింది కానీ, కట్టుడు పళ్ళవారికి అవి శిక్షే. బతుకమ్మకు ఎలాగూ చేసే మలీద ముద్దలు మెత్తగా ఉంటాయి. షుగరు ఉన్నవారికి మాత్రం అవీ వద్దు. బెల్లమైతే ఏం కాదనే మాట నమ్మకండి, రక్తంలో చక్కెర దానితోనూ పెరుగుతుంది. వారికి ఉప్పు తగ్గించి వేయించిన పల్లీలు దంచి పొడి చేసి పెట్టవచ్చు. సీసా మూత ఒకసారి మీరే ఎడమచేత్తో తిప్పి చూడండి. సులువుగా రాకపోతే మార్చండి.

అన్నిటికంటే పైన రెండు పెన్సిళ్ళు, ఒక నోటు పుస్తకం. ఇది మనవరాలి వంతు. మొదటి పేజీలో కార్తెల పేర్లు రాసి ఎదురుగా జాగా వదిలింది. ఇరవైయేడు కార్తెలు, ఒక్కొక్కటి సుమారు పదమూడున్నర రోజులు, కలిపితే ఏడాది. ఏ కార్తెలో ఏం విత్తుతారో తాతగారు చెబితే అది రాసుకోవాలి. పిల్ల రాసిన పేర్లలో ఒకటి తప్పు ఉంది. నేను చూసి కూడా దిద్దలేదు లెండి.

మీ ఇంటి పెద్దాయన రైతు కానక్కరలేదు. సింగరేణి గనిలో పనిచేసిన వారికి గంప వేరుగా ఉంటుంది, బడిపంతులు గారికి వేరుగా ఉంటుంది. తాంబూలం, అత్తరు సరదా ఉన్న తాతగారైతే కరీంనగర్ వెండి తీగపని డబ్బీ ఒకటి మధ్యలో పెట్టి, దాని చుట్టూ గంప అల్లుకోవచ్చు. సన్నని వెండి తీగలు మెలిపెట్టి, చట్రంలో ఇమిడ్చి అతికే ఆ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా మామగారికి అదే ఇస్తే "గీ చిల్లుల డబ్బల ఏం బోస్తరు?" అనేవారు!

ఇచ్చే వేళ కూడా చూసుకోవాలి. పొద్దుటి హడావుడిలో ఇవ్వలేదు. సాయంత్రం జమ్మి చేతిలో పెట్టి, అందరం కాళ్ళు మొక్కాక, పిల్ల గంప తెచ్చి ముందు పెట్టింది. ముడి ఆయనే విప్పారు. గొంగడి పోగు గోటితో గీకి చూసి "నేత పలుచగున్నది" అన్నారు. ధనియాల మూట విప్పి, "గిట్లనే అలుకుతరా బిడ్డా? నలిపి రెండు చెక్కలు జెయ్యాలె" అన్నారు. పుస్తకంలో తప్పు పట్టుకున్నారు. పిల్ల రబ్బరు తెచ్చుకుని పక్కన కూర్చుంది. వంట చల్లారిపోతోందని నేను మూడుసార్లు పిలవాల్సి వచ్చింది.

స్వెట్టరు ఇంకా పెట్టెలోనే ఉంది. దీపావళి దాటాక ఒక పొద్దున మొదటి మెంతికూర కోసి తెచ్చి నా చేతిలో పెట్టారు. పప్పులో వేశాను. తిని, "కూర మంచిగున్నది. పప్పుల ఉప్పెక్కువైంది" అన్నారు.

ఉంటాను మరి, సెలవు.